14 వారాల చదరంగం క్లాసు: పావు ఎక్కడ నిలబడాలో నేర్పిన చోటు

గుంటూరు బ్రాడీపేటలో ఒక జిరాక్స్ షాపు పైన, మొదటి అంతస్తులో ఒకే గది. శని, ఆదివారాలు సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిదున్నర దాకా పెద్దవాళ్ళ బ్యాచ్. 14 వారాలకు ఫీజు 6,000 రూపాయలు. జూన్‌లో చేరి సెప్టెంబరులో పూర్తి చేశాను. ఇందులో కొన్ని లోపాలు కూడా చెప్పాలి కాబట్టి క్లాసు పేరు, మాస్టారి పేరు రాయడం లేదు. పెద్ద వయసులో చదరంగం నేర్చుకోవాలని ఉండి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయినవాళ్ళు చాలామంది ఉంటారు. ఇది వాళ్ళ కోసం రాస్తున్నాను.

నాకు 51 ఏళ్ళు. మిర్చి యార్డులో ఒక కమిషన్ షాపులో గుమస్తాను. పదేళ్ళప్పుడు మా నాన్న ఆట నేర్పాడు. మంత్రి, ఏనుగు, శకటు, గుర్రం, బంటు అనే పేర్లతోనే నేర్చుకున్నాను, ఇప్పటికీ అవే నోటికి వస్తాయి. నలభై ఏళ్ళు ఆడినా నా ఆట ఒకేలా ఉండేది. ఏదైనా పావు కొట్టడానికి దొరుకుతుందా, రాజుకు చెక్ పెట్టొచ్చా అని చూసేవాడిని. రెండూ లేకపోతే ఏదో ఒక చివరి బంటును ఒక గడి జరిపి, ఎదుటివాడు ఏం చేస్తాడా అని ఎదురుచూసేవాడిని.

రెండేళ్ళ క్రితం ఒక యాప్‌కు ఏడాది చందా కట్టి 3,000 పజిల్స్ దాకా చేశాను. పజిల్స్ రేటింగ్ బాగానే పెరిగింది కానీ ఆట మారలేదు. కారణం అప్పుడు అర్థం కాలేదు. పజిల్ తెరిచినప్పుడు అందులో ఒక దెబ్బ దాగి ఉందని మనకు ముందే తెలుసు, వెతికితే దొరుకుతుంది. నిజం ఆటలో ఆ దెబ్బ పుట్టాలంటే ముందు పావులు దానికి తగ్గ చోట్లలో నిలబడి ఉండాలి. నా పావులు అలా ఎప్పుడూ ఉండేవి కావు. ఈ సంగతి నాకు అర్థమైంది ఈ క్లాసులోనే, అదీ మొదటి రోజునే.

ఆ రోజు మాస్టారు గోడకు తగిలించిన అయస్కాంతాల బోర్డు మీద ఒక స్థితి పేర్చారు. ఆయనకు ముప్ఫై దాటి ఉండవు. మా అందరికంటే చిన్నవాడు. మేం ఆయన్ని మాస్టారూ అని, ఆయన మమ్మల్ని బాబాయ్ గారూ, పిన్ని గారూ అని పిలుచుకోవడం మొదటి పది నిమిషాల్లోనే ఖాయమైంది. తెల్ల పావుల ఎత్తు. మేం పదకొండు మందిమి, అందరం ఏం ఆడాలా అని చూస్తున్నాం.

"ఎత్తు చెప్పొద్దండీ. తెల్ల పావులన్నిటి పేర్లూ నోట్‌బుక్కులో ఒకదాని కింద ఒకటి రాయండి. పక్కన, అది ఇప్పుడు ఏం పని చేస్తోందో రాయండి. పని లేకపోతే ఖాళీగా వదిలేయండి" అన్నారు.

పది నిమిషాలు పట్టింది. నా కాగితంలో మూడు ఖాళీలు వచ్చాయి. మూలన ఉన్న ఏనుగు, ఏ3లో ఉన్న గుర్రం, తన బంట్ల వెనకే నక్కి ఉన్న శకటు. (బోర్డు మీద నిలువు వరుసలకు తెల్లవాళ్ళ ఎడమ నుంచి ఏ నుంచి హెచ్ దాకా అక్షరాలు, అడ్డవరుసలకు తెల్లవాళ్ళ వైపు నుంచి 1 నుంచి 8 దాకా అంకెలు. ఏ3 అంటే ఆ రెండూ కలిసే గడి.) అప్పుడు మాస్టారు అడిగారు: "బాబాయ్ గారూ, ఈ మూడింటిలో ఎక్కువ ఇబ్బందిలో ఉన్నది ఏది? దానికి బోర్డు మీద ఎక్కడికైనా వెళ్ళే వరం ఇస్తే ఎక్కడ నిలబడతానంటుంది?"

ఆ ప్రశ్న నన్ను నలభై ఏళ్ళలో ఎవరూ అడగలేదు. గుర్రానికి డి5 బాగుంటుందని చూడగానే తెలిసిపోయింది. అక్కడ దాన్ని ఏ బంటూ తరమలేదు. మరి ఎలా వెళ్ళాలి? ఏ3 నుంచి సీ2, అక్కడినుంచి ఈ3, అక్కడినుంచి డి5. మూడు ఎత్తులు. కొట్టడానికి ఏమీ లేని స్థితిలో నేను ఆడాల్సిన ఎత్తు నా ముందే ఉంది. చివరి బంటు జోలికి వెళ్ళాల్సిన పని లేదు. ఈ 14 వారాల్లో నేను నేర్చుకున్నదానికి మూలం ఇదే. మిగతా క్లాసులన్నీ దీన్నే రకరకాలుగా సాధన చేయించాయి.

రెండో వారం ఖాళీ బోర్డు మీద లెక్కలు. చిన్నపిల్లల పాఠంలా కనిపిస్తుంది కానీ అందరూ చేసి చూడాలని చెబుతాను. గుర్రాన్ని మూల గడిలో పెట్టి అది వెళ్ళగల గడులు లెక్కపెట్టండి: రెండు. నడిమధ్య నాలుగు గడుల్లో ఎక్కడ పెట్టినా ఎనిమిది. శకటు అంచు మీద ఉంటే ఏడు గడులు, నడిమధ్య ఉంటే 13. మంత్రి మూలన 21, మధ్యలో 27. ఏనుగు ఒక్కటే ఖాళీ బోర్డులో ఎక్కడున్నా 14. అయితే ఏనుగుకు చోటుతో పని లేదా అని మా బ్యాచ్‌లో ఒక పిన్ని గారు అడిగారు. మాస్టారు ఆట మొదట్లో ఉండే వరుస పేర్చి, "ఇప్పుడు లెక్కపెట్టండి" అన్నారు. ముందు బంటు, పక్కన గుర్రం. సున్నా. ఏనుగుకు దారి తెరవాలి. బంట్లు లేని నిలువు వరుస దొరికితే దానికి అదే రాజమార్గం. ఆ వరుస పట్టుకుని మన వైపు నుంచి ఏడో అడ్డవరుస, అంటే ఎదుటివాడి బంట్లు మొదట నిలబడే వరుస దాకా వెళ్ళిందంటే, బంట్లను వెనకనుంచి కోసుకుంటూ పోతుంది.

ఇవన్నీ వందేళ్ళనాటి పుస్తకాల్లో ఉన్న సంగతులే. నాకు తెలియనివీ కావు. "గుర్రం అంచున ఉండకూడదు" అని మా నాన్న కూడా అనేవాడు. తెలియడం వేరు, లెక్కపెట్టి చూడడం వేరు. రెండుకూ ఎనిమిదికీ ఉన్న తేడాను వేలితో ముట్టి చూశాక, గుర్రాన్ని అంచుకు జరపబోతే చెయ్యి తనంతట తనే ఆగుతోంది.

నాలుగో వారం మొదలుపెట్టి, ప్రతి ఆదివారం ఒక గొప్ప ఆట. ఫీజులో సగం వీటికే ఇచ్చానని అనుకుంటాను. అన్నీ చెప్పను, రెండింటి గురించి వివరంగా చెబుతాను.

మొదటిది 1985లో మాస్కోలో కార్పోవ్, కాస్పరోవ్‌ల మధ్య ప్రపంచ ఛాంపియన్‌షిప్ 16వ ఆట. కాస్పరోవ్‌వి నల్ల పావులు. ఆట మొదట్లోనే ఒక బంటును వదులుకున్నాడు. పదహారో ఎత్తులో బీ4లో ఉన్న గుర్రాన్ని డి3కి తెచ్చాడు. డి3 అంటే తెల్లవాళ్ళ ఇంటి నడిమధ్య. మాస్టారు అక్కడ ఆట ఆపి మాతో గంట మాట్లాడించారు. ఆ గుర్రం ఏయే గడుల మీద కన్ను వేసింది? బీ2, బీ4, సీ1, సీ5, ఈ1, ఈ5, ఎఫ్2, ఎఫ్4. ఎనిమిది. అందులో సీ1, ఈ1 కార్పోవ్ ఏనుగులు రావాల్సిన గడులు. అంటే డి1లో, ఎఫ్1లో ఉన్న రెండు ఏనుగులకూ పక్క గడి లేదు. ఇక కార్పోవ్ గుర్రాలు చూడండి. ఒకటి తిరిగి బీ1కి పోయింది, మొదట బయలుదేరిన చోటికే. ఇంకొకటి ఏ4లో, అంచున. ఒక్క నల్ల గుర్రం ఎదుటి సైన్యంలో సగాన్ని కదలకుండా చేసింది. ఆ గుర్రం పీడ వదిలించుకోవడానికి చివరికి 34వ ఎత్తులో కార్పోవ్ మంత్రినే ఇచ్చుకోవాల్సి వచ్చింది. 40వ ఎత్తు తర్వాత ఓటమి ఒప్పుకున్నాడు.

ఇక్కడ నాకు యార్డు గుర్తొచ్చింది. సీజన్‌లో టిక్కీలు (మిర్చి బస్తాలు) దించేటప్పుడు ఒక్క లాటు దారికి అడ్డంగా పడితే చాలు, వెనక ఎంత సరుకున్నా, ఎంతమంది హమాలీలున్నా లోడు కదలదు. సరుకు మనదే, లెక్కలో ఉంది, కానీ అక్కరకు రాదు. కార్పోవ్ దగ్గర ఆ పూట పావులకు కొదవ లేదు. పైగా ఒక బంటు ఎక్కువే ఉంది.

అంతవరకు నేను ఆట మధ్యలో పావులు కూడి చూసుకునేవాడిని. గుర్రానికి మూడు, శకటుకు మూడు, ఏనుగుకు ఐదు, మంత్రికి తొమ్మిది. ఎవరి మొత్తం ఎక్కువైతే వాళ్ళు గెలుస్తున్నట్టే లెక్క. ఆ అంకెలు పావు బాగా నిలబడి ఉన్నప్పటి ధర అని ఆ రోజు అర్థమైంది. ఏ4లో ఉన్న గుర్రానికి మూడు కట్టడం తాలు కాయకు మేలు కాయ రేటు కట్టడమే.

రెండో ఆట మనందరికీ తెలిసిందే. 2024 డిసెంబరు 12, సింగపూర్, అప్పటి ప్రపంచ ఛాంపియన్ డింగ్ లిరెన్ మీద గుకేశ్ ఆడిన పద్నాలుగో ఆట. చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగింటి కుర్రాడు 18 ఏళ్ళకే ప్రపంచ ఛాంపియన్ అవుతుంటే ఆ సాయంత్రం షాపులో ఫోన్ పెట్టుకుని చూశాను. చిట్టాలో ఒక ఎంట్రీ రెండుసార్లు రాశాను కూడా. మర్నాడు అందరూ అన్నమాట ఒకటే: "డింగ్ ఏనుగుతో తప్పు చేశాడు." నిజమే, 55వ ఎత్తులో ఏనుగును ఎఫ్2కు జరిపాడు, అక్కడే ఆట పోయింది. నేనూ అంతవరకే అనుకున్నాను.

మాస్టారు వేరే ప్రశ్న వేశారు. "ఏనుగుల మార్పిడి జరిగితే, అంటే ఇద్దరి ఏనుగులూ పోతే, డింగ్‌కు ఎందుకు ప్రమాదం? ఒక్క బంటే కదా తక్కువ. అంతవరకు నాలుగు గంటల పైన కాచుకుంటూ వచ్చాడు కదా." ఎవరూ చెప్పలేకపోయాం. "శకటు ఎక్కడుందో చూడండి" అన్నారు.

ఏ8లో ఉంది. బోర్డు చిట్టచివరి మూల. మూలలో ఉన్న శకటుకు ఒకే ఒక్క ఏటవాలు దారి. ఏ8 నుంచి బీ7, సీ6, డి5 మీదుగా. గుకేశ్ ఏనుగుల్ని మార్చేసి, వెంటనే తన శకటును తెచ్చి డి5లో నిలబెట్టాడు. సరిగ్గా ఆ దారి మీద. ఇక డింగ్ శకటు బీ7కు జరిగినా, సీ6కు జరిగినా ఎదురుగా అదే. తప్పించుకునే గడి లేదు, శకట్ల మార్పిడి జరగాల్సిందే. జరిగాక మిగిలింది రాజులూ బంట్లే. అందులో గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ. 58 ఎత్తులకు ఆట ముగిసింది.

ఆ శకటు మూలలో కాకుండా రెండు దారులున్న గడిలో ఉండి ఉంటే, ఏనుగుల మార్పిడి తర్వాత అది పక్కకు తప్పుకునేది. ఆట ఇంకా సాగేది. తప్పు ఏనుగుదే, కానీ ఆ తప్పుకు అంత పెద్ద శిక్ష పడడానికి కారణం మూలన కూర్చున్న శకటు. ఆ ఆట గురించి ఎన్నో వీడియోలు చూశాను. ఇంత సూటిగా నాకు అర్థమయ్యేలా చెప్పింది మాత్రం ఈ జిరాక్స్ షాపు పైగదిలోనే. ఈ ఒక్క క్లాసు కోసమైనా డబ్బు కట్టొచ్చు.

మిగతా వాటిలో 1919 హేస్టింగ్స్‌లో వింటర్ మీద కాపాబ్లాంకా ఆట ఒకటి. ఎదుటివాడి శకటును జీ3లో బంట్ల మధ్య బిగించేసి, బోర్డుకు రెండో పక్కన పోరాటం మొదలుపెట్టాడు. ఆ పక్కన ఒక పావు ఎక్కువ ఉన్నట్టే. 1974 నీస్ చెస్ ఒలింపియాడ్‌లో ఉంజికర్ మీద కార్పోవ్ ఆట ఇంకొకటి. శకటును ఏ7లో అడ్డంగా కూర్చోబెట్టి, దాని చాటున తన ఏనుగుల్ని ఒకే నిలువు వరుసలో తీరిగ్గా పేర్చుకున్నాడు. ఈ రెండూ మాకు రెండో ప్రశ్న నేర్పడానికి. మొదటి ప్రశ్న నా పావుల్లో ఏది ఇబ్బందిలో ఉంది అని. రెండోది ఎదుటివాడి పావుల్లో ఏది బాగుపడాలని చూస్తోంది, దాన్ని ఎలా ఆపాలి అని. రెండోది నాకు ఇంకా చేతకావడం లేదు. నా పావుల సంగతి చూసుకునేసరికే గడియారంలో సమయం సగం అయిపోతోంది.

సాధన పద్ధతి గురించి. శనివారం మాలో మాకు జతలు వేసి ఆడిస్తారు. ఒక్కొక్కరికి ముప్ఫై నిమిషాలు. ఎత్తులన్నీ రాసి తీరాలి. ఇంటి దగ్గర లైచెస్‌లో ఆడమన్నారు. అది ప్రకటనలు లేకుండా, డబ్బు అడగకుండా నడిచే సైటు, నాకు బాగా నచ్చింది. అందులో మన ఆటను స్టాక్‌ఫిష్ అనే ఇంజన్‌తో, అంటే ఎత్తులు లెక్కకట్టే కంప్యూటర్ ప్రోగ్రాంతో, సరిచూసుకోవచ్చు. కానీ మాస్టారు ఒక నియమం పెట్టారు. ఇంజన్ తెరవక ముందు, మన ఆటలో మూడు చోట్ల ఆగి "ఇక్కడ నా పావుల్లో ఏది పని లేకుండా ఉంది" అని చేత్తో రాయాలి. ఆ తర్వాతే ఇంజన్. మొదట్లో విసుగనిపించింది. తర్వాత తెలిసింది, ఇంజన్ ఎవరిది పైచేయో అంకెలో చెబుతుంది, మంచి ఎత్తూ చూపిస్తుంది, ఎందుకో చెప్పదు. ఆ ఎందుకో అన్నది నా నోట్‌బుక్కులోంచే రావాలి.

తొమ్మిదో వారంలో ఆడిన ఒక ఆట చెప్పి తీరాలి. ఎదుట రైల్వేలో గార్డుగా రిటైరైన పెద్దాయన. మా బ్యాచ్‌లో అందరికంటే గట్టి ఆటగాడు. నావి నల్ల పావులు. నా బంట్లు ఈ6లో, డి5లో. ఆ అమరికలో సీ8 శకటు ఎప్పుడూ ఖైదీయే, సొంత బంట్లే దానికి గోడ. పాత నేనైతే దాన్ని ఆట ఆఖరిదాకా అక్కడే మరిచిపోయేవాడిని. ఆ రోజు ఎఫ్ బంటును ఒక గడి ముందుకు నెట్టి దారి చేశాను. శకటును డి7కి, అక్కడినుంచి ఈ8కి, అక్కడినుంచి హెచ్5కి తీసుకెళ్ళాను. ఈ8కి వెళ్ళినప్పుడు పెద్దాయన తలెత్తి నా వైపు చూశారు, ఇతను శకటును వెనక్కి తీసుకెళ్తున్నాడేమిటి అన్నట్టు. హెచ్5కి చేరాక ఆయన ఎఫ్3 గుర్రం వెనక మంత్రి ఉంది. గుర్రం కదిలితే మంత్రి పోతుంది. డి4 బంటుకు ఉన్న కాపలా ఆ గుర్రం ఒక్కటే. అక్కడినుంచి బంటు నాది, కాసేపటికి ఆట నాది.

ఆ ఆటలో నేను పెద్ద దెబ్బ ఏదీ కొట్టలేదు. ఒక పావును మూడు ఎత్తుల్లో మంచి చోటికి చేర్చాను, అంతే. ఇంటికి వెళ్ళి మా అమ్మాయికి బోర్డు మీద మళ్ళీ వేసి చూపించాను. "నాన్నా, నువ్వు శకటును వాకింగ్‌కి తీసుకెళ్ళావు" అంది. ఇప్పుడు మా ఇంట్లో ఆ మాట స్థిరపడిపోయింది. ఏ పావుకు వాకింగ్ కావాలి అని ఇద్దరం అడుగుకుంటూ ఆడుతున్నాం.

ఇక లోపాలు. మొదటిది పాఠాల కాగితాలు. ప్రతి వారం ఇచ్చే జిరాక్సుల్లో బొమ్మలు నల్లగా పడి, నల్ల గడిలో నల్ల పావు కనిపించదు. పావు ఎక్కడుందన్నదే పాఠమైనప్పుడు ఇది చిన్న విషయం కాదు. ఐదో వారం గట్టిగా చెప్పాం, రెండు వారాలు శుభ్రమైనవి ఇచ్చి మళ్ళీ మొదటికే వచ్చారు. కింద జిరాక్స్ షాపు పెట్టుకుని ఇలా జరగడం నాకు కష్టంగా అనిపించింది. పైగా అంతా ఇంగ్లీషులో. మా బ్యాచ్‌లో ఇద్దరికి ఇంగ్లీషు చదవడం ఇబ్బంది. మాస్టారు నోటితో అంత చక్కటి తెలుగులో చెప్పే మాటల్నే ఒక కాగితం మీద పెడితే ఎంతో మేలు.

రెండోది క్లాసుల రద్దు. ఎక్కడో టోర్నమెంటుకు ఆర్బిటర్‌గా (అంపైర్‌గా) వెళ్ళాలని రెండు ఆదివారాలు క్లాసు లేదన్నారు. ఒకటి తర్వాత చెప్పారు, రెండోది చెప్పనేలేదు. ఫీజు కట్టేటప్పుడు 28 క్లాసులని చెప్పారు కాబట్టి 28 జరగాలి. ఈ మాట ఆయనకూ నేరుగా చెప్పాను.

మూడోది ముఖ్యమైనది. చివరి రెండు వారాల్లో ఎండ్‌గేమ్ (ఆట చివరి దశ) అంతా కుదించేశారు. నిజానికి పావు చోటు అన్న పాఠానికి అసలు పరీక్ష అక్కడే. ఆటంతా కోట వెనక దాక్కున్న రాజు, పావులు తగ్గాక నడిమధ్యకు రావాలి. మూలన మూడు గడులున్న రాజుకు మధ్యలో ఎనిమిది. ఈ సంగతి చెప్పారు కానీ సాధన చేయించలేదు. రాజు, బంట్ల ఆటలు నేను ఇంకా తప్పుగానే ఆడుతున్నాను.

గది చిన్నది. ఆరున్నరకు పిల్లల బ్యాచ్ వదులుతుంది, వాళ్ళు వెళ్ళి మేం కూర్చునేసరికి పావుగంట పోతుంది. మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు చూసుకోవాలి. ఏసీ లేదు, జూన్‌లో ఉక్క. బోర్డులు మాత్రం బాగున్నాయి. చుట్టేసుకునే వినైల్ బోర్డు, అడుగున బరువున్న పావులు. చేతికి పట్టు దొరుకుతుంది, ఫ్యాన్ గాలికి కదలవు.

గోడ మీద మన గ్రాండ్‌మాస్టర్లు హంపి, హారిక, హరికృష్ణల ఫోటోలున్నాయి. హారిక, హరికృష్ణ ఇద్దరూ ఈ గుంటూరులోనే పుట్టారు, హంపి గుడివాడలో. ఈ ముగ్గురి ఆటల్ని కూడా పాఠాల్లోకి తెస్తే బాగుంటుందని మాస్టారిని చివరి రోజు అడిగాను. మాస్కో, హేస్టింగ్స్ ఆటలు చెప్పారు, సంతోషం. మన ఊళ్ళో పుట్టిన ఆటగాడు గుర్రాన్ని ఏ గడికి ఎందుకు తీసుకెళ్ళాడో కూడా వినాలని ఉంది. తప్పకుండా చేస్తానన్నారు.

ఎవరికి పనికొస్తుంది? పావులు ఎలా కదులుతాయో తెలిసి, కొన్నేళ్ళుగా ఆడుతూ, ఎక్కడ ఆగిపోయామో తెలియనివాళ్ళకు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు కాదు. వాళ్ళు ముందు ఉచితంగా దొరికే చెక్‌మేట్ పజిల్స్ కొన్ని వందలు చేసి రావడం మంచిది, లేకపోతే మంచి చోటికి వెళ్ళిన పావును ఊరికే పోగొట్టుకుంటారు. ఓపెనింగులు (ఆట మొదట్లో వేసే ఎత్తుల వరుసలు) కంఠతా పట్టి టోర్నమెంటుల్లో రేటింగ్ తెచ్చుకోవాలనుకునే కుర్రాళ్ళకు కూడా ఇది నిదానంగా అనిపిస్తుంది. వాళ్ళకు పిల్లల బ్యాచ్ వేరే ఉంది.

ఐదు నక్షత్రాలకు నాలుగు ఇస్తున్నాను. కాగితాలు బాగుచేసి, చెప్పినన్ని క్లాసులూ జరిపితే ఐదోది కూడా ఇస్తాను.

ఎండ్‌గేమ్ మీద విడిగా ఎనిమిది వారాల బ్యాచ్ నవంబరులో మొదలుపెడతామన్నారు. ఫీజు 3,500. నేను కట్టేశాను. ఫిబ్రవరిలో యార్డుకు కొత్త సరుకు దిగడం మొదలైతే నాకు శని, ఆదివారాలన్నవే ఉండవు. ఆలోపు పూర్తి చేస్తామని మాస్టారు మాట ఇచ్చారు. ఈసారి క్లాసుల తేదీలన్నీ కాగితం మీద రాయించి తీసుకున్నాను.